కప్పలు, ఏరేటర్లు, కరెంటు కోతలు ఉన్న ఊళ్ళో ఇంట్లోనే పాట రికార్డు చేయడం ఎలా

ముందే చెప్పేస్తున్నా, ఏ మైకు కొనాలి అన్న ప్రశ్నతో మొదలుపెడితే డబ్బు ఖర్చవుతుంది కానీ పాట బాగుపడదు. మా వైపు, అంటే గోదావరి డెల్టాలో రాజోలు, అమలాపురం, పాలకొల్లు, భీమవరం చుట్టుపక్కల ఊళ్ళలో భజన పాటలు పాడేవాళ్ళు, చర్చికి కొత్త పాటలు కట్టే కుర్రాళ్ళు, నాటకాల పద్యాలు పాడే పెద్దవాళ్ళు, అందరూ మొదట అడిగేది మైకు గురించే. అడగాల్సింది ఏ గదిలో, ఏ టైములో అని. ఆ రెండూ కుదిరితే మామూలు మైకుతో కూడా వినదగ్గ పాట వస్తుంది. కుదరకపోతే ఖరీదైన మైకు పక్కింటి బోరు మోటారును ఇంకా స్పష్టంగా పట్టిస్తుంది, అంతే తేడా.

టైము సంగతి చూద్దాం. రాత్రి పూట రికార్డు చేయండి, ప్రశాంతంగా ఉంటుంది అని ఎక్కడ చూసినా చెబుతారు. అది ట్రాఫిక్ గోల ఉన్న సిటీ వాళ్ళకు పనికొచ్చే మాట. డెల్టాలో రాత్రి ప్రశాంతత ఎక్కడిదండీ? సార్వా చేలల్లో నీళ్ళు నిలిచాయంటే కప్పలు, మిగతా రోజుల్లో కీచురాళ్ళు, ఇవి చాలవన్నట్టు రొయ్యల చెరువులు. పగలు ఎండ ఉన్నంతసేపు నీళ్ళలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది, చీకటి పడ్డాక ఇవ్వదు సరికదా ఉన్నదాన్ని వాడుకుంటుంది, దాంతో తెల్లవారుజాముకి ఆక్సిజన్ బాగా పడిపోతుంది, అందుకని నీళ్ళని చిలికి గాలి కలిపే ఏరేటర్లు రాత్రంతా తిరుగుతాయి. కాబట్టి చెరువుకు దగ్గర్లో ఉన్న ఇంట్లో నాలుగింటికి లేచి గొంతు సవరించుకోవడం దండగ. ధనుర్మాసమైతే గుడి మైకు కూడా తోడవుతుంది. మా దగ్గర పనికొచ్చేది మధ్యాహ్నం, భోజనాలయ్యాక ఊరు కునుకు తీసే ఆ గంటా రెండు గంటలు. అంతర్వేది, ఓడలరేవు లాంటి సముద్రం పక్క ఊళ్ళలో మాత్రం మధ్యాహ్నానికి గాలి లేచి కొబ్బరాకులు ఒకటే గలగల, అక్కడ పొద్దున పదీ పదకొండు మధ్య చూసుకోవాలి. సంక్రాంతి మూడు రోజులు ప్రయత్నించొద్దు, ఏ టైములోనూ కుదరదు.

ఊహించుకోవడం ఎందుకు, కొలిచి చూడండి. ఒక సెలవు రోజు మైకు పెట్టి, ఎవరూ మాట్లాడకుండా గంటకో నిమిషం ఖాళీ గదిని రికార్డు చేయండి, సాఫ్ట్‌వేర్‌లో మీటరు ఎంత చూపిస్తుందో రాసుకోండి. గెయిన్, అంటే మైకు శబ్దాన్ని పెంచే మర, మాత్రం మీరు మామూలుగా పాడేటప్పుడు ఎంత పెడతారో అంతే పెట్టి కదపకూడదు, లేకపోతే ఆ లెక్కకి అర్థం లేదు. మీటరులో పై కొస సున్నా, దానికి ఎంత కిందికి ఉంటే అంత నిశ్శబ్దం. మైనస్ 60 డెసిబెల్స్ దగ్గర ఉంటే బ్రహ్మాండం, 50 అయినా పర్లేదు, 40 దగ్గరికి వచ్చిందంటే ఆ గంట మీది కాదు.

ఇక గది. డాబా ఇంట్లో పది అడుగులకి పది అడుగులు గది చాలామందికి ఉంటుంది, రికార్డింగ్‌కి అంతకంటే ఇబ్బందిపెట్టే కొలత లేదు. ఎదురెదురు గోడల మధ్య పది అడుగులుంటే 56 హెర్ట్జ్ దగ్గర, దానికి రెట్టింపు 112 దగ్గర శబ్దం గోడల మధ్యే ఊగుతూ పెరుగుతుంది, పొడవు, వెడల్పు ఒకటే కాబట్టి రెండు జతల గోడలూ అవే స్వరాలని పెంచుతాయి. మగవాళ్ళ గొంతులో కింది స్వరాలు సరిగ్గా ఆ 112 చుట్టుపక్కలే ఉంటాయి, అందుకే కొన్ని స్వరాలు డబ్బాలో పాడినట్టు బుంగ్‌మంటాయి. పైగా ఆ 112 గది నడిమధ్యలో గట్టిగా ఉంటుంది, మనవాళ్ళు చక్కగా వెళ్ళి అక్కడే నిలబడతారు. గోడ నుంచి గది పొడవులో మూడో వంతు దూరానికి జరగండి, సగం బాధ పోతుంది. మూలలకి పోవద్దు. పెంకుటిల్లు ఉన్నవాళ్ళు అదృష్టవంతులు, ఏటవాలు కప్పు, చెక్క దూలాలు, సామాన్లతో నిండిన గది, ప్రతిధ్వని తక్కువ. రేకుల షెడ్డు ఎండకి టకటకమంటుంది, వానకి చెప్పక్కర్లేదు.

ప్రతిధ్వని తగ్గించడానికి గోడలకి గుడ్ల ట్రేలు అంటించేవాళ్ళని చూశాను, అవి దాదాపు ఏమీ పీల్చవు, దుమ్ము మాత్రం బాగా పట్టుకుంటాయి. పాత బొంతలు, దూది పరుపు, మందపాటి దుప్పట్లు వీటికన్నా ఎన్నో రెట్లు నయం. ఎక్కడ కట్టాలన్నది అసలు విషయం. ఎక్కువమంది మైకు వెనక కడతారు. మనం వాడే మైకులు చాలావరకు ముందువైపే వింటాయి, అంటే మైకు చూసేది మిమ్మల్నీ మీ వెనక గోడనీ, కాబట్టి బొంత మీ వీపు వెనక ఉండాలి. దండెం కట్టి రెండు బొంతలు మడతలుగా వేలాడదీసి, గోడకి జానెడు ఎడం ఉంచితే ఇంకా బాగా పనిచేస్తుంది. పరుపును నిలబెట్టి పక్కన ఆనించండి. బట్టలతో నిండిన బీరువా తలుపులు తెరిచి పెట్టినా ఉపయోగమే. కొంచెం ఓపిక ఉన్నవాళ్ళు కోనసీమలో దొరికే కొబ్బరి పీచుతో పలకలు చేసుకోవచ్చు, నాలుగంగుళాల లోతున్న చెక్క చట్రంలో బాగా ఎండిన పీచు నింపి పైన నూలు గుడ్డ బిగిస్తే సరి. పచ్చిగా ఉంటే బూజు పడుతుంది, పురుగు చేరుతుంది, ఎండబెట్టడంలో తొందర పడొద్దు. దీపానికీ స్విచ్ బోర్డుకీ దూరంగా పెట్టండి, పీచు ఇట్టే అంటుకుంటుంది.

ఫ్యాను, ఏసీ ఆపాలి. మే నెలలో ఆ మాట చెప్పడం తేలికే కానీ ఉక్కపోతలో నిలబడి పాడేవాడి పరిస్థితి నాకు తెలుసు, అందుకే పాటని చరణాలుగా విడగొట్టుకుని, ఒక్కో చరణం అయ్యాక ఫ్యాను వేసుకుని, చల్లబడ్డాక మళ్ళీ మొదలుపెట్టండి. ఫ్రిజ్ పక్క గదిలో ఉంటే దాన్నీ ఆపి, మర్చిపోకుండా ఉండటానికి మీ ఫోనో బండి తాళమో అందులో పెట్టండి. ఇది నిజంగా పనికొచ్చే చిట్కా, నవ్వకండి.

ఇప్పుడు సామాను గురించి. కంప్యూటర్ కొత్తది అక్కర్లేదు, 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్న పాత ల్యాప్‌టాప్ చాలు. డెస్క్‌టాప్ కన్నా ల్యాప్‌టాపే మేలు, ఎందుకో కరెంటు దగ్గర చెబుతాను. మైకుల్లో రెండు దార్లు ఉన్నాయి. యూఎస్‌బీ మైకు ఒకటి, నేరుగా కంప్యూటర్‌కి తగిలించేది, ఒక్కరే పాడుకునేవాళ్ళకి తక్కువ తలనొప్పి, కాకపోతే హెడ్‌ఫోన్ రంధ్రం మైకుకే ఉన్నది చూసి కొనండి. రెండోది ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే మైకు శబ్దాన్ని కంప్యూటర్‌కి అందించే చిన్న పెట్టె, దానికో ఎక్స్‌ఎల్‌ఆర్ మైకు, అంటే మూడు పిన్నుల కేబుల్‌తో తగిలేది. బేరింజర్ యూఎం2 లాంటి చిన్నదైనా, ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో లాంటిదైనా పని అవుతుంది. హార్మోనియం, గొంతు రెండూ ఒకేసారి రికార్డు చేసేవాళ్ళు మాత్రం రెండు మైకులు తగిలే ఇంటర్‌ఫేస్ కొనాలి, పైన చెప్పిన రెండిట్లోనూ మైకు ఒక్కటే పడుతుంది, రెండో రంధ్రం గిటారు, కీబోర్డు లాంటివాటికి.

మైకు కండెన్సరా, డైనమిక్కా? కండెన్సర్ సున్నితం, చిన్న శబ్దాన్నీ వదలదు, మైకు కేబుల్‌లోంచే అందే 48 వోల్టుల కరెంటు, ఫాంటమ్ పవర్ అంటారు, అది కావాలి, ఇంటర్‌ఫేస్ మీద 48 అని రాసి ఉన్న బటన్ అదే. డైనమిక్‌కి అదేం అక్కర్లేదు, దగ్గరి శబ్దాన్నే ఎక్కువ పట్టుకుంటుంది. స్టేజీల మీద కనిపించే షూర్ ఎస్‌ఎం58 డైనమిక్కే, 1966 నుంచి అమ్ముతున్నారు. ఊళ్ళో శబ్దాలు, గది ప్రతిధ్వని, పైగా తేమ, ఇవన్నీ లెక్కేస్తే డెల్టాలో మొదటి మైకుగా డైనమిక్కే కొనమంటాను. కండెన్సర్ వాళ్ళు ఈ మాట ఒప్పుకోరు, వాళ్ళకి మంచి గది ఉండి ఉంటుంది.

తేమ మాట వచ్చింది కాబట్టి అదీ కానిచ్చేద్దాం. కండెన్సర్ మైకు లోపల తేమ చేరితే చిటపటలు వస్తాయి, ఉప్పుగాలి తగిలే ఊళ్ళలో కేబుల్ పిన్నులకి చిలుము పడుతుంది. పని అయ్యాక మైకుని గాలి చొరని డబ్బాలో నాలుగైదు సిలికా జెల్ పొట్లాలతో పెట్టి మూత బిగించండి. స్టాండుకి అలాగే వదిలేస్తే వానాకాలం అయ్యేసరికి దాని సంగతి తెలుస్తుంది.

హెడ్‌ఫోన్లు చెవుల్ని పూర్తిగా మూసేవి, వైరు ఉన్నవి. బ్లూటూత్‌వి వద్దు, శబ్దం ఆలస్యంగా వస్తుంది, తాళం తప్పుతారు.

కరెంటు. చాలా రికార్డింగుల్లో పాట వెనక సన్నగా గుయ్‌మని వినిపించేది మన 50 హెర్ట్జ్ కరెంటు, దాని రెట్టింపు 100, ఆపైన 150. ముందు ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి చూడండి, పోయిందా, అయితే బ్యాటరీ మీదే రికార్డు చేసుకోండి. ల్యాప్‌టాప్ కొనమన్నది ఇందుకే. ఇంటర్‌ఫేస్ కూడా యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా టేక్, అంటే ఆ విడత రికార్డు చేస్తున్న పాట, పోదు, ఇంకా చెప్పాలంటే కరెంటు కోత మనకి మంచిదే, ఊళ్ళో మోటార్లన్నీ ఆగిపోతాయి, ఎవరో ఒకరు జనరేటర్ వేసేలోపు ఒక చరణం లాగించేయొచ్చు. ఇన్వర్టర్ మీద నడిచే లైట్లు, ఛార్జర్లు మాత్రం ఆపేయండి, స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్లు మామూలు కరెంటు కన్నా ఎక్కువ గీపెడతాయి. ఛార్జర్ తీసినా గుయ్ పోకపోతే మైకు కేబుల్, కరెంటు వైర్లు ఒకదాని పక్కన ఒకటి పోతున్నాయేమో చూసి విడదీయండి. ఇంటి ఎర్తింగ్ ఎలక్ట్రీషియన్‌కి చూపించండి. గుయ్ పోతుందని ఎవరో చెప్పారని ప్లగ్గు మూడో పిన్ను విరగ్గొట్టకండి, ప్రాణం మీదికి వస్తుంది.

సాఫ్ట్‌వేర్ దగ్గర ఎక్కువసేపు ఆగను. ఆడాసిటీ ఉచితం, ఒకటి రెండు ట్రాకుల పాటకి చాలు, ట్రాకు అంటే విడిగా రికార్డు చేసిన ఒక్కో గొంతు లేదా వాయిద్యం. ఐదారు ట్రాకులు పైగా ఉంటే రీపర్ తీసుకోండి, 60 రోజులు ఊరికే వాడి చూడొచ్చు, తర్వాత సొంతానికి వాడుకునే లైసెన్సు 60 డాలర్లు, పాత కంప్యూటర్ మీద కూడా తేలిగ్గా నడుస్తుంది. యాపిల్ కంప్యూటర్ ఉన్నవాళ్ళకి గ్యారేజ్‌బ్యాండ్ ఉంది. క్రాక్ చేసిన పెద్ద సాఫ్ట్‌వేర్లు ఎక్కించుకోవద్దు, వైరస్ వస్తే పాటలతో సహా పోతాయి. సెట్టింగులు 48 కిలోహెర్ట్జ్, ఇంటర్‌ఫేస్ ఇవ్వగలిగితే 24 బిట్, ట్రాక్ మోనో. ఈ లెక్కన నిమిషానికి ట్రాకుకి 8.6 ఎంబీ అవుతుంది, కాబట్టి డిస్కు నిండుతుందని భయం అక్కర్లేదు, అన్ని టేకులూ ఉంచుకోండి. పాడేటప్పుడు మీ గొంతు మీకే ఆలస్యంగా వినిపిస్తే సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో బఫర్, అంటే కంప్యూటర్ శబ్దాన్ని ఒక్కో విడతకి ఎంత ముక్కగా తీసుకుంటుందో ఆ లెక్క, 128కో 256కో తగ్గించండి, 48 కిలోహెర్ట్జ్ దగ్గర 256 అంటే సుమారు 5 మిల్లీసెకన్లు, రాకా పోకా కలిపి దానికి రెట్టింపు పైన వేసుకోండి. ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ బటన్ ఉంటే అది నొక్కేస్తే మీ గొంతు కంప్యూటర్ దాకా పోకుండా నేరుగా హెడ్‌ఫోన్‌కి వస్తుంది, ఈ గొడవే ఉండదు.

ఇక పాట. ముందు శ్రుతి. హార్మోనియం ఉన్న పాటైతే దాని శ్రుతినే ప్రమాణంగా పెట్టుకోవాలి, ఎందుకంటే పాత హార్మోనియం రీడ్లు ఈ కాలం ట్యూనింగ్‌తో సరిగ్గా కలవవు, కాస్త కిందకో పైకో ఉంటాయి, వాటిని మనం తిప్పలేం. ఫోన్‌లో ట్యూనర్ పెట్టి ఎంత తేడా ఉందో చూసి కీబోర్డునీ, శ్రుతి యాప్‌నీ అంత జరపండి. ఇది చేయకుండా కీబోర్డు కలిపితే ఎవరు పాడినా అపశ్రుతిలాగే వినిపిస్తుంది, పాపం పాడినవాడిని అంటారు.

తాళం ఉన్న పాటకి ఈ వరస బాగుంటుంది: హెడ్‌ఫోన్‌లో శ్రుతి, తాళం లెక్కకి టిక్‌టిక్‌మనే క్లిక్ పెట్టుకుని ముందు ఊరికే ఒకసారి పాడి ఉంచుకోవడం, దాని మీద డోలక్, ఆ తర్వాత హార్మోనియం లేదా కీబోర్డు, అప్పుడు అసలు గొంతు, చివర్లో కోరస్, చిడతలు. మొదట పాడింది తర్వాత తీసేస్తాం, అది వాయించేవాళ్ళకి దారి మాత్రమే. ఆడాసిటీలో ఇలా ఒకదాని మీద ఒకటి చేస్తే రెండోది కొద్దిగా వెనక పడొచ్చు, సెట్టింగుల్లో లేటెన్సీ, అంటే ఆలస్యం, సవరణ ఉంటుంది, మొదటి ట్రాకులో ఒక చప్పట్టు కొట్టి, హెడ్‌ఫోన్‌ని మైకుకి ఆనించి ఆ చప్పట్టునే రెండో ట్రాకులోకి రికార్డు చేసి ఎంత తేడా వచ్చిందో చూసి సరిచేసుకోండి.

పద్యానికి మాత్రం క్లిక్ పెట్టకండి. పద్యంలో హార్మోనిస్టు పాడేవారి వెనకే పోతాడు, రాగాలాపన ఎంతసేపు సాగుతుందో పాడే ఆయనకే తెలియదు, ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెడితే ఆ పద్యంలో ప్రాణం ఉండదు. ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరి మైకు వీపు రెండో మనిషి వైపు ఉండేలా తిప్పి, ఇద్దరినీ ఒకేసారి తీసుకోండి. ఒక్క మైకే ఉంటే అది పాడేవారికి దగ్గరగా, హార్మోనియానికి దూరంగా పెట్టి, వాళ్ళనే అటూ ఇటూ జరుపుతూ సరిచూసుకోండి. "బాబాయ్, పై స్థాయికి వెళ్ళినప్పుడు ఒక్క అడుగు వెనక్కి వెయ్యండి" అని ముందే చెప్పాలి, స్టేజీల మీద అలవాటు ఉన్నవాళ్ళు అది ఇట్టే పట్టుకుంటారు.

గొంతుకి మైకు దూరం డైనమిక్ అయితే బెత్తెడు, కండెన్సర్ అయితే జానెడు. మైకు సరిగ్గా నోటికెదురుగా కాకుండా కాస్త పక్కకి ఉంచి, మధ్యలో పాప్ ఫిల్టర్ పెడితే "ప", "భ" లాంటివి పేలవు. ఎంబ్రాయిడరీ ఫ్రేముకి పలచటి నైలాన్ గుడ్డ బిగిస్తే అదే పాప్ ఫిల్టర్. గెయిన్ పెట్టేటప్పుడు పాటలో అన్నిటికన్నా గట్టిగా పాడే లైను పాడించి, మీటరు మైనస్ 10 దాటకుండా చూడండి. అసలు టేక్‌లో ఎవరైనా ఇంకా గట్టిగానే పాడతారు. ఎర్ర గీత తగిలి పగిలిన శబ్దాన్ని తర్వాత ఎవరూ బాగు చేయలేరు, తక్కువైతే పెంచుకోవచ్చు.

డోలక్, మృదంగం లాంటివాటికి మూర దూరంలో, రెండు మూతలకీ సమానంగా ఎదురుగా మైకు పెట్టి, బేస్ ఎక్కువైతే వాయించేవాళ్ళ కుడి చేతి మూత వైపు కాస్త జరపండి. మన తేమకి చర్మం సడలి శ్రుతి జారుతుంది కాబట్టి ఉదయం సరిచేశాం కదా అని వదలకుండా టేక్‌కి ముందు మళ్ళీ చూసుకోవాలి. డప్పు అయితే మంట మీద కాచిన వెంటనే వాయించెయ్యాలి, చల్లారితే మొదటి చరణానికీ మూడో చరణానికీ శబ్దం వేరుగా ఉంటుంది. హార్మోనియానికి మైకు మెట్ల వైపు పైనుంచి, గాలి కొట్టే బెల్లోస్ వైపు పెడితే పాటకన్నా ఊపిరే ఎక్కువ వినిపిస్తుంది. చిడతలు, తాళాలు గదిలో ఆ చివర నుంచి వాయించమనండి, చెవిలో గుచ్చుకునేవి అవే.

ప్రతి టేక్ మొదట్లో ఐదు సెకన్లు ఎవరూ కదలకుండా రికార్డు కానివ్వండి, తర్వాత నాయిస్ తీయడానికి అది కావాలి. పాట మొత్తం మూడు నాలుగు సార్లు పాడించి, బాగున్న లైన్లు ఏరి ఒకటిగా కలపండి, అతుకు దగ్గర ఒకటి తగ్గుతుండగా ఇంకోటి పెరిగేలా చిన్న క్రాస్‌ఫేడ్ పెడితే తెలియదు. ఊపిరి శబ్దాలు అన్నీ కత్తిరించేవాళ్ళున్నారు, అలా చేస్తే మనిషి పాడినట్టుండదు, మరీ పెద్దవి కాస్త తగ్గిస్తే చాలు.

మిక్సింగ్‌లో మొదటి పని గొంతు ట్రాకులో 80 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేయడం, ఆడ గొంతైతే 100 దాకా కోయొచ్చు, చెరువు గట్టు మీద మోటార్ల గురగుర సగం అక్కడే పోతుంది. నాయిస్ రిడక్షన్ 6 నుంచి 9 డెసిబెల్స్ దాటించొద్దు, దాటితే గొంతు నీళ్ళలోంచి వచ్చినట్టు ఉంటుంది. గొంతు ముద్దగా ఉంటే 200 నుంచి 400 మధ్య రెండు మూడు డెసిబెల్స్ తగ్గించండి, "స", "శ" గుచ్చుకుంటే 5 వేల నుంచి 8 వేల మధ్య. గట్టి శబ్దాన్ని అణిచే కంప్రెసర్ 3:1, గట్టి చోట్ల నాలుగైదు డెసిబెల్స్ తగ్గేలా. రివర్బ్, అంటే తర్వాత కలిపే ప్రతిధ్వని, విషయంలో మనవాళ్ళకి ఆశ ఎక్కువ, భక్తి పాటంటే గుహలో పాడాలనుకుంటారు. మీకు సరిపోయిందనుకున్న చోటు నుంచి మూడో వంతు తగ్గించండి, సాహిత్యం వినపడుతుంది.

హెడ్‌ఫోన్‌లో బాగుందని ఆగొద్దు. ఫోన్ స్పీకర్‌లో, ఎవరిదైనా కారులో వినండి, గుడి మైకులోనో పందిట్లోనో వేస్తారనుకుంటే ఒకసారి హారన్ మీద వేయించి చూడండి, దాంట్లో బేస్ రాదు, గొంతు మాత్రమే మిగులుతుంది, అక్కడ మాటలు అర్థమైతే ఎక్కడైనా అర్థమవుతాయి. యూట్యూబ్‌కి పాట మొత్తం గట్టిదనం మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (ఆ గట్టిదనాన్ని కొలిచే లెక్క) దగ్గర ఉంచండి, అంతకన్నా గట్టిగా పెట్టినా వాళ్ళే తగ్గిస్తారు. మీ సొంత పాట, పాత జానపదం అయితే ఇబ్బంది లేదు, ఇంకొకరు రాసింది అయితే అడిగి పెట్టండి, మన చట్టం ప్రకారం రాసినవారు పోయాక కూడా 60 ఏళ్ళు హక్కు ఉంటుంది.

అసలు ఫైలు వేవ్‌లో 24 బిట్‌లో దాచి, పంచడానికి 320 కేబీపీఎస్ ఎంపీ3 వేరేగా తీయండి. ఫైలు పేరులో పాట, తేదీ, శ్రుతి ఉంటే ఆర్నెల్ల తర్వాత అదే పాటకి కోరస్ కలపాల్సి వచ్చినా వెతుక్కోనక్కర్లేదు. ప్రాజెక్టు ఫోల్డర్ మొత్తం ఇంకో డిస్కులో కాపీ పెట్టండి. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఆడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, అప్పుడు ఫైలు ఉన్నది ఉన్నట్టే వెళుతుంది.